తొంభై శాతం అయిపోయిన గని

ఆ రోజుల్లో నాకు లేనిది ఒక్క ఉద్యోగమే; ధైర్యం మాత్రం బస్తాలకొద్దీ ఉండేది. గోదావరిఖని బొగ్గుగని కాలనీలో, మా క్వార్టరు ముందుగదిలో కూర్చుని, పట్టాలమీద బొగ్గు టబ్బులు తోసే చిన్న ఫోను ఆట ఒకటి చేసి అందరికీ ఊరికే పంచిపెట్టాను. అది కాలనీ దాటి గల్ఫులో ఉన్న మావాళ్ళ ఫోన్లదాకా పోయింది. "గిసోంటిదే పెద్దది చెయ్యి చెల్లె, పైసలు మేం ఏస్తం" అని మా దుబాయి అన్న (పెద్దనాన్న కొడుకు) ఎగేశాడు. ఎగేస్తే ఎక్కడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. గనిలో దిగి ఏడు సొరంగాలు దాటి బయటపడే ఆట చేస్తాను, తలా కొంత వేయండని ఇంటర్నెట్‌లో చందా పేజీ పెట్టాను. దుబాయి అన్న, అతని రూమువాళ్ళు వేశారు. కాలనీ పిల్లలు వేశారు. పక్క క్వార్టరు సర్దార్ మామ పింఛనులోంచి వేశాడు. (గనిలో పనివాళ్ళకంటే ముందు తాను దిగి చూసి, అంతా క్షేమమన్నాకే వాళ్ళను పంపే సర్దార్ ఉద్యోగం చేసినవాడు.) వీళ్ళందరి చేతిలో నా మాట తప్ప ఇంకేమీ లేదు.

ఆరు నెలలన్నాను. ఏడాది గడిచింది. తయారైంది ఒక్క సొరంగం, అదీ సగం. కానీ పేజీలో నెలనెలా కబురు రాయాలి కదా! మొదట "సగం అయింది" అని రాశాను. మరుసటి నెల అంతకంటే తగ్గించి రాయలేను (అబద్ధానికి వెనకడుగు ఉండదు), అలా పెరిగి పెరిగి తొంభై శాతం దగ్గర ఆగింది. తొంభై అన్నాక జనం ఊరుకుంటారా? ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో తెర కట్టి, చూపించమన్నారు. సెలవు మీద వచ్చిన దుబాయి అన్న ముందు వరుసలోనే కూర్చున్నాడు. 

పెద్దవాడని మొదట సర్దార్ మామను ఆడమన్నారు. తెరమీద చీకటి సొరంగం. పదడుగులు వేస్తే చాలు, నేను బొమ్మ గీయని చోటికి చేరి ఆటలోని మనిషి ఖాళీలో పడిపోతాడు. నా బండారం అంతటితో బయటపడుతుంది. మామ బటన్ మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

"పైకప్పు కొట్టి చూసే కట్టె ఏడున్నది బిడ్డా?"

"కట్టె లేదు మామా. గా బటన్ ఒత్తితె ముందుకు పోతడు."

"సప్పుడు ఇనకుంట ఎట్ల పోతడు? బోలుగ మోగితె కప్పు మీద కూలుతది."

"జర ఒత్తరాదే మామా, గిది ఆటనే!" అని అరిచాడు దుబాయి అన్న.

"ఆటైతేంది? నా నౌకరిల ఒక్కన్ని గూడ అట్ల పంపలే" అని మామ వేలు తీసేశాడు.

హాలంతా ఘొల్లున నవ్వింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కట్టె పెట్టి తెస్తాను, ఇంకో నెల ఇవ్వండి అంటే చాలు, గండం గడుస్తుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. అంతలో మామ నావైపు తిరిగి, "నువ్వే చెప్పు బిడ్డా, లోపల మంచిగనే ఉన్నదా? నువ్వు ఉన్నదంటె పోత" అన్నాడు.

చేతులు గజగజ వణికాయి. "పోకు మామా. లోపల ఏం లేదు. తొంభై అన్నది అబద్ధం. ఒక్క సొరంగమే అయింది, గదీ సగమే" అని ఏడ్చేశాను.

 దుబాయి అన్న లేచి, "గిన్ని దినాలు మమ్ముల పిచ్చోళ్ళను చేసినవా?" అని తన డబ్బు వాపసు అడిగాడు. అతని తప్పేమీ లేదు. బాపు (మా నాన్న) చేత తిట్లు తిని మరీ ఆయనతోనే ఇప్పించాను. మామ మాత్రం ఆ తెరవైపు చూసి, "మనిషి లోపలికి పోకముందె చెప్పినవు గద. చేసుకో, నేను ఆగుత" అన్నాడు.

మరో రెండేళ్ళకు ఆట పూర్తయింది, ఏడు సొరంగాలు కాస్తా మూడై. ఇప్పుడు హైదరాబాదులో పెద్ద కంపెనీలో పని చేస్తున్నాను. ముఖం కూడా తెలియని కస్టమర్లకు "దాదాపు అయిపోయింది సార్" అని వారంవారం చెబుతుంటాను, చేతులు ఏమాత్రం వణకవు. ఎప్పుడైనా హాల్లో అందరిముందూ ఏడ్చిన ఆ పిచ్చిపిల్ల గుర్తొస్తే నవ్వుకుంటాను. నవ్వు అయ్యాక దానిమీద కొంచెం అసూయ కూడా పుడుతుంది.