బావ అడిగిన చోటు

బొగ్గు గనిలో మట్టి తవ్వి ఎత్తే షావెల్ మిషను నడిపినన్నాళ్లూ ఆయన్ని అందరూ షావెలాయన అనే పిలిచేవారు. గని మూతపడింది. ఆ షావెల్‌ని ముక్కలు కోసి పాత ఇనుముకి తోలేశారు. ఆయన మాత్రం షావెలాయనగానే మిగిలిపోయాడు. మాట తక్కువ మనిషి. ఎవరైనా పలకరిస్తే తల ఊపుతాడు, అంతే. ఏళ్ల తరబడి ఆ మిషను హోరులో కూర్చుని మాటలు మర్చిపోయాడని తోటివాళ్లు నవ్వేవారు. ఆ మౌనం గని వల్ల వచ్చింది కాదని ఆయన భార్యకి తెలుసు. అది ఆవిడ అన్నయ్య దగ్గర మొదలైంది.

అన్నయ్య దర్జీ. గని పక్క వీధిలో ఇల్లు. ముందు గదిలో కుట్టు మిషను, వెనక రెండు గదుల్లో కాపురం. వాళ్ల నాన్న కట్టిన ఇల్లు అది, ఆవిడ పుట్టి పెరిగిందీ అక్కడే. గని తవ్వుకుంటూ తవ్వుకుంటూ ఆ వీధి దాకా వచ్చింది. అందరికీ దూరంగా క్వార్టర్లు ఇచ్చారు. సామాన్లు సర్దుకుని వెళ్లిపోయాక, ఖాళీ ఇళ్లని తీసేసే పని పెట్టారు. ఆ రోజు డ్యూటీ షావెలాయనకి పడింది.

కావాలంటే తప్పించుకునేవాడే. "నేనెక్కుతాలే, నువ్వింటికి పో" అని తోటి ఆపరేటరు అన్నాడు కూడా. ఈయన ఒప్పుకోలేదు. ఎవడో వచ్చి అడ్డదిడ్డంగా పొడిచి కూలదోసే కంటే తన చేత్తో నెమ్మదిగా దించడమే మేలనుకున్నాడు. ఆయన దృష్టిలో అది మర్యాద. కప్పు తీసి, ఒక్కో గోడనీ మెల్లగా పక్కకి ఒరిగిస్తుంటే, దూరంగా తాడు కట్టిన చోట జనంలో ఆ దర్జీ బావ కనిపించాడు. కడసారి చూసుకుందామని వచ్చినట్టున్నాడు. పైన క్యాబిన్లో కూర్చున్నదెవరో బావకీ కనిపించింది.

సాయంత్రం బావ వీళ్లింటికి వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నా ఇల్లు కూల్చడానికి ఇంత గనిలో ఇంకెవడూ దొరకలేదా?"

"అది కాదు బావా, నేనైతే..."

"నువ్వైతే ఏంటి? మెత్తగా కూలుతుందా?"

ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాట లేదు. ఒకే పెళ్లికి వెళ్లినా ఈ మూల ఒకరు, ఆ మూల ఒకరు. నలిగిపోయింది మధ్యలో ఆవిడే. అన్నయ్య ఇంటికి ఒక్కతే వెళ్లేది, ఒక్కతే వచ్చేది. అక్కడ మొగుడి ఊసెత్తితే వదిన లేచి వంటగదిలోకి పోయేది. ఇక్కడ అన్న ఊసెత్తితే ఈయన చెప్పులేసుకుని బయటికి పోయేవాడు.

బొగ్గు అయిపోయింది. నీళ్లు తోడే పంపులు ఆపేశారు. గొయ్యి నిండడానికి చాలా ఏళ్లు పట్టింది గానీ, నిండాక చూస్తే అవతలి ఒడ్డున మనిషి చీమంత కనిపించేంత చెరువైంది. నీళ్లు ఒకలాంటి పచ్చరంగు. పక్షులు కూడా ఎందుకో ఎక్కువ వాలవు. పక్కన గుట్టగా పోసిన గని మట్టిని పైపైన చదును చేసి, దాని మీద ఒకే జాతి చెట్లు వరసగా నాటారు, బడిపిల్లల్ని నిలబెట్టినట్టు. చెరువు చుట్టూ నడిచే దారి వేశారు. కుక్కల్ని గొలుసుతో తీసుకురావచ్చు, నీళ్లలోకి దించకూడదు అని బోర్డు పెట్టారు. ఊళ్లో ఏ పార్కులోనూ కుక్కల్ని రానివ్వరు కాబట్టి, సెలవు రోజుల్లో కార్లేసుకుని కుక్కలతో సహా దిగేవారు జనం.

షావెలాయనకీ ఒక కుక్క ఉంది. మూతపడ్డ పంపుహౌసు దగ్గర ఓ కుక్క ఈనితే, కాపలావాణ్ణి అడిగి ఆవిడే రెండు పిల్లల్ని తెచ్చింది. నల్లదాన్ని తను ఉంచుకుని మసి అని పేరు పెట్టింది. తెల్లదాన్ని అన్నయ్యకిచ్చింది. దర్జీ ఇంట్లో దానికి దూది అని పేరు పడింది.

ఇద్దరు మగాళ్లూ పొద్దున్నే కుక్కల్ని తీసుకుని చెరువు చుట్టూ తిరగడం మొదలెట్టారు. మొదటి రోజు ఈయన కుడివైపు నుంచి బయల్దేరాడు, బావ ఎడమవైపు నుంచి. ఆ తర్వాత దిక్కు మార్చుకుంటే తగ్గినట్టవుతుందని ఇద్దరూ అలాగే ఉండిపోయారు. దాంతో రోజూ అవతలి ఒడ్డున ఎదురుపడక తప్పేది కాదు. మనుషులు మొహం తిప్పుకునేవారు. కుక్కలకి ఆ బాధ లేదు. తోడబుట్టినవి కదా, దూరం నుంచే గుర్తుపట్టి ఒకదాని చుట్టూ ఒకటి గిరగిరా తిరిగేవి. గొలుసులు మెలేసుకునేవి. అప్పుడు ఇద్దరూ వంగి, ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఆ చిక్కు విప్పుకోవాలి. వేళ్లకి వేళ్లు తగిలినా మాట మాత్రం లేదు.

ఈ సంగతి విని ఆవిడ నవ్వింది. ఆ వెంటనే కళ్లు తుడుచుకుంది.

"మీ ఇద్దరికంటే ఆ కుక్కలే నయం" అంది.

అలా ఎన్ని నెలలు గడిచాయో. ఒక చలికాలం పొద్దున బావ ఎదురు రాలేదు. దారి పక్క బల్ల మీద కూర్చుని దగ్గుతున్నాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయని ఆవిడ చెప్పగా విన్నాడే గానీ, ఇంతగా చిక్కిపోయాడని షావెలాయన అనుకోలేదు. చొక్కా భుజాలు జారిపోతున్నాయి. తన చొక్కాలు తనే కుట్టుకునే మనిషి. కుక్కలు ఎప్పట్లాగే గొలుసులు మెలేసుకున్నాయి. బావ వంగలేకపోయాడు. ఈయనే మోకాళ్ల మీద కూర్చుని విప్పుతుంటే, తల మీద నుంచి మాట వినిపించింది.

"మా ఇంటి మట్టి ఎక్కడ పోశారు?"

షావెలాయన తలెత్తాడు.

"అందరూ మా వీధి ఈ నీళ్లకింద ఉందంటారు" అన్నాడు బావ. "నీళ్లకింద ఏముంది? అంతా నువ్వు ఎత్తి డంపర్లలో పోశావుగా. ఎక్కడికి తీసుకెళ్లారు?"

"అదిగో, ఆ గుట్ట మీదికి."

"గుట్టలో ఎక్కడ?"

"ఎలా చెప్పను బావా. ఎన్ని డంపర్లు వెళ్లాయో. పోసినదాని మీద మళ్లీ పోశారు, బుల్డోజరు తిప్పారు. అంతా కలిసిపోయింది."

బావ కాసేపు ఆయాసపడి, "ఏదో ఒక చోటు చూపించు" అన్నాడు.

మెల్లగా ఎక్కారు. పది అడుగులేసి ఆగడం, మళ్లీ ఎక్కడం. చేయి పట్టుకోబోతే బావ విదిలించాడు. కొంతదూరం పోయాక తనే భుజం పట్టుకున్నాడు. సగం గుట్ట ఎక్కాక, నీళ్లవైపు ఒరిగిన ఒక చెట్టు మొదట్లో షావెలాయన నిలబడ్డాడు.

"ఇక్కడ."

బావ కింద కూర్చుని అరచేత్తో నేల తడిమాడు. "ఇవన్నీ రాళ్లే కదా."

"పైన రాళ్లు పోశారు. మట్టి అడుగున ఉంటుంది."

"అబద్ధమాడటం రాదురా నీకు" అన్నాడు బావ. కోపంగా అనలేదు. లేవనూ లేదు. కుక్కలు రెండూ పక్కనే పడుకున్నాయి. నీళ్లవైపు చూస్తూ, "ముందు గది గోడ ఆఖర్న తీశావు" అన్నాడు.

"అవును."

"చూశాను."

అంతే. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. ఆ తర్వాత ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ వచ్చి అక్కడే కూర్చునేవాడు. ఈయన పక్కన కూర్చునేవాడు.

వానలు మొదలయ్యేసరికి బావ ఆసుపత్రిలో పడ్డాడు. వదిన మరదలికి ఫోన్ చేసి, "నువ్వు రా, మీ ఆయన్ని తీసుకురాకు" అంది. ఆవిడ లోపలికి వెళ్తే షావెలాయన గేటు బయట గొడుగు పట్టుకుని నిలబడేవాడు. బావ పోయిన రోజు కూడా గేటు బయటే ఉన్నాడు. సాగనంపేటప్పుడు అందరికీ వెనకాల, ఎడంగా నడిచాడు. కొన్నాళ్లకి వదిన దూదిని వీళ్లింటికి పంపించేసింది. అది అన్నం ముట్టడం లేదట, చూడలేకపోతోందట.

వాన తెరిపిచ్చాక ఆవిడ అడిగింది. "అన్నయ్య కూర్చున్న చోటు చూపించండి."

రెండు కుక్కల్నీ తీసుకుని వెళ్లారు. అవతలి ఒడ్డుకి చేరేసరికి దారికి అడ్డంగా కంచె. వానలకి నానిన గుట్ట ఒక పక్క మొత్తం జారి చెరువులో పడింది. చెట్లు వేళ్లతో సహా నీళ్లలో తలకిందులై ఉన్నాయి. గుట్ట మీద పచ్చి గాయంలా ఎర్రమట్టి.

"ఎక్కడ?"

ఆయన వేలెత్తి చూపించింది ఖాళీ జాగాని. "అక్కడ ఉండేది" అన్నాడు. ఇన్నాళ్లూ ఆవిడకి చెప్పనిది అప్పుడు చెప్పాడు. "మీ ఇంటి మట్టి అక్కడ పోశారో లేదో నాకు తెలీదు. అడిగాడని ఏదో ఒకటి చూపించాను."

"అన్నయ్యకి తెలుసా ఆ సంగతి?"

"తెలుసు."

"తెలిసి మరి ఎందుకు కూర్చున్నాడు?"

దూది కంచె కింద నుంచి దూరబోతే ఆవిడ గొలుసు చేతికి చుట్టుకుని గట్టిగా పట్టుకుంది. వచ్చిన దారినే వెనక్కి మళ్లారు.

ఆ దారి మళ్లీ తెరవలేదు. నేల గట్టిపడలేదని ఏటా అదే మాట చెబుతారు. ఇప్పుడు ఎవరూ చెరువు చుట్టూ తిరగరు. కుక్కలతో వచ్చినవాళ్లంతా కంచె దాకా నడిచి వెనక్కి తిరుగుతారు. షావెలాయనా ఆవిడా కూడా పొద్దున్నే అలాగే వెళ్లొస్తారు. ఆవిడకి నోరు విప్పి మాట్లాడే ఓపిక ఇదివరకులా లేదు. ఆయనే అప్పుడప్పుడు తను కూల్చిన ఆ ఇంటి గురించి అడుగుతాడు, ఏ గదిలో ఏముండేదని, కిటికీ ఎటు తెరుచుకునేదని. ఆవిడ ఒక్కొక్కటీ చెబుతుంది. కొన్ని మర్చిపోయింది. గుర్తు రాని చోట ఆగిపోతుంది. ఆయన తొందరపెట్టకుండా పక్కన నడుస్తాడు.