బుజ్జిగాడికి నేనిచ్చిన కితాబు

ఆ రోజుల్లో, అంటే కొత్త రాష్ట్రం వచ్చిన తొలినాళ్లలో, పశువైద్యంలో పట్టా పుచ్చుకుని మోత్కూరు పక్క పల్లె దవాఖానలో చేరినప్పుడు, గొర్రెల గురించి లోకంలో తెలియాల్సిందంతా నాకే తెలుసుననుకునేవాణ్ణి. (గొర్రెలను ఎవరూ అడగలేదు లెండి.) మా దవాఖానకు వచ్చే ఎర్రరుమాలు తాతకు అరవై గొర్రెలే బతుకు. ఆ ఏడాది రెండు పొట్టేలు పిల్లల్లో ఒకదాన్ని మందకు విత్తనపు పొట్టేలుగా ఎంచుకోవాలి. ఒక్కదాన్నే ఉంచుకుంటారు, రెండోది అంగడికి పోతుంది. ఉంచుకున్నదాని గుణమే పుట్టబోయే పిల్లలకు దిగుతుంది కాబట్టి తాతకు అది చిన్న సంగతి కాదు.

ఒకటి మనిషి కనబడితే నాలుగడుగులు వెనక్కి జరిగే నల్లది. రెండోది బుజ్జిగాడు, పుట్టగానే తల్లి చస్తే, తాత భార్య అవ్వ సీసాపాలు పట్టి తన మంచం పక్కనే సాకింది. నేను వెళ్లగానే వాడొచ్చి నా చెయ్యి నాకాడు. ఇంకేముంది, ఐసైపోయాను. "తాతా, భయమంటే మెదడుల ఊరే రసాయనాల పని. అది తక్కువున్నదాన్ని విత్తనానికి పెట్టి, దాని పిల్లల్ల మళ్ల మెత్తటియే ఏరుకుంట పోతే, కొన్ని తరాలకు మందంత నీ మాటింటది" అని అరగంట దంచాను.

తాత తల గోక్కున్నాడు. "మా నాయిన మనిషిని చూసి జరిగేదాన్నే ఉంచేటోడు సారూ. అయినా సదువుకున్నోనివి, నీకు తెల్వదా?"

నల్లది అంగడికి పోయింది.

ఏడాది తిరగకముందే బుజ్జిగాడికి కొమ్ములూ పొగరూ కలిసే వచ్చాయి. ఒక పొద్దున తాతను కుమ్మాడని కబురొస్తే పరుగెత్తాను. మోకాలు వాచిపోయింది, మంద వెంట నడవలేడు. వంగి చూస్తున్నానో లేదో, వెనకనుంచి ఒక్క గుద్దు! బోర్లా వెళ్లి పెంటకుప్పలో పడ్డాను. "ఓరి నీ పొగరు పాడుగాను! సారుకు తాకిందో ఏమో!" అని అవ్వ కర్ర పట్టుకుని ఉరికింది. (కొంగు చాటున నవ్వింది కూడా. నేను చూశాను.)

"వాని రక్తంల దోషం లేదు సారూ," అన్నాడు తాత మూలుగుతూనే. "మనుషుల్ల పెరిగిండు. మనం గూడ పొట్టేళ్లమే అనుకుంటాండు. పొట్టేళ్లు తలలు కొట్టుకోవా? భయమున్నదైతే జర దూరముంటది."

నేను పుట్టుక గుణమనుకున్నది అవ్వ పట్టిన సీసాపాల చనువు. చదువు తప్పు కాదు, తప్పు చోట వాడాను.

ఈలోగా తోటి మందలవాళ్లు మూగారు. "సీసాపాల పొట్టేలును ఎవలన్న విత్తనానికి ఉంచుతరా? ఎవలు చెప్పిండ్రే నీకు?"

"నేనే ఉంచిన. కండ్లు మసకలాయె," అన్నాడు తాత. గుట్ట మీది మందలో తన గొర్రెను ఇక్కణ్నుంచే గుర్తుపట్టే కళ్లవి! నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆ పెంట చొక్కాతోనే లేచి, "తాత కాదు, నేనే చెప్పిన. తప్పు నాది" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. తాత నా చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "గిప్పుడు డాక్టరువైనవు సారూ."

మోకాలు తగ్గాక బుజ్జిగాడి బదులు అంగడిలో కొత్త పొట్టేలును తాతే ఎంచాడు, నేను నోరు మూసుకుని పగ్గం పట్టుకున్నాను. ఆ కుర్ర డాక్టరును తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పాపం, అంత ధీమాగా మాట్లాడటం మళ్లీ ఎన్నడూ నాకు చేతకాలేదు.