పాడ్‌కాస్ట్ ఆపిన తర్వాత వినిపించిన గొంతు

ఇది నాకు జరిగింది. ఎవరో చెప్పగా విన్నది కాదు. పేపర్లో పని చేసినవాణ్ణి... నా దగ్గరికి వచ్చిన కబుర్లలో ముప్పాతిక కొట్టేసేవాణ్ణి. మిగిలినదాన్ని కూడా ఇంకొకరిని అడిగి గానీ అచ్చుకు పంపేవాణ్ణి కాదు. ఆ అలవాటుతోనే ఇదీ చెబుతున్నాను. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. నేనే ఇంకా తేల్చుకోలేదు.

ముందు దయ్యాల పాడ్‌కాస్టుల సంగతి చెప్పాలి. లేకపోతే మిగతాది అర్థం కాదు.

మా అండమాన్ దీవుల మీద తెలుగులో ఒక కుర్రాడు వరసగా భాగాలు వదులుతున్నాడు. ఉండేది ఎక్కడో పెద్ద నగరంలో. గొంతును బావిలోంచి వచ్చినట్టు మార్చుకుంటాడు. తలుపు కిర్రుమంటుంది, వాన కురుస్తుంది, ఆడమనిషి ఏడుస్తుంది. ఏ భాగంలోనైనా అదే తలుపు, అదే వాన, అదే ఏడుపు. అతని అండమాన్‌లో చీకటి పడగానే నక్కలు ఊళ పెడతాయి. ఈ దీవుల్లో నక్కలు లేవు. ఆ మాత్రం అడిగి తెలుసుకోవడానికి కూడా బద్ధకం. ప్రతి అబద్ధం ముందూ "స్థానికులు చెబుతారు" అంటాడు. ఏ స్థానికుడు? ఏ ఊరు? నా దగ్గర కొత్తగా చేరిన విలేకరి ఇలాంటి వాక్యం రాసుకొస్తే కాగితం చింపి చేతిలో పెట్టేవాణ్ణి.

మరి ఏం వినాలని అడుగుతారు. వినదగ్గవి ఉన్నాయి. చరిత్ర చెప్పే ఒకావిడ ఉంది. ఓడలెక్కి వలస వచ్చినవాళ్ల కథలు చెబుతుంది. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగి, "దీనికి నాకు ఆధారం దొరకలేదు" అని ముందుకు పోతుంది. ఆ ఒక్క మాట కోసం ఆమెను వినొచ్చు. సైన్సు చెప్పే రిటైర్డ్ మాస్టారు ఒకాయన ఉన్నాడు. వంటింట్లో కుక్కర్ కూస్తుంటే పాఠం ఆపి, అది ఎందుకు కూసిందో చెప్పి మళ్లీ మొదలుపెడతాడు. ఇద్దరు స్నేహితులు నడిపే ఇంకోటి ఉంది. ప్రచారంలో ఉన్న వింతలను తీసుకుని తగువులాడుకుంటారు. కిందటిసారి తామే తప్పు చెప్పి ఉంటే, ఆ తప్పుతోనే మొదలుపెడతారు. ఆ కుర్రాడు ఇన్ని భాగాల్లో ఒక్క తప్పు ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఇంకేం మిగలదు.

నవ్వి వదిలేసేవాణ్ణే. నూకరాజు సంగతి తెలిశాక నవ్వు రాలేదు.

నూకరాజు వండూర్లో చేపలు పడతాడు. నేనుండే డిగ్నాబాద్ నుంచి వెళ్లి అతని దగ్గరే చేపలు కొంటాను. వాళ్ల పెద్దలు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చారు. వాళ్లిళ్లలో ఒక పట్టింపు ఉంది... రాత్రిపూట ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడోసారి పిలిచేదాకా పలకరు. చీకట్లో తొందరపడి పరుగెత్తకుండా పెట్టుకున్న జాగ్రత్త కావచ్చు. ఈ కుర్రాడు దాన్ని ఎక్కడో విన్నాడు. వండూర్ మడ అడవిలో గొంతు ఒకటి ఉందన్నాడు. పేరు పెట్టి పిలుస్తుందట. ఎన్నిసార్లు పిలిచినా పలకకూడదట. పలికినవాడు తిరిగి రాడట. ఆ భాగం నూకరాజు ఫోన్లో ఉంది. అప్పట్నుంచి అతను పొద్దువాలాక మడ అడవి పక్కకు పోవడం మానేశాడు. తమ్ముడు ఎర్రయ్య ఒక్కడే చిన్న డింగీ పడవ వేసుకుని పోతున్నాడు.

ఒక సాయంత్రం పనిగట్టుకుని వండూర్ వెళ్లాను. మంచి పాడ్‌కాస్టులు నూకరాజు ఫోన్లోకి ఎక్కించి, ఆ చెత్త తీయించాలని. అక్కడ సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి అన్నీ ముందే నింపుకుని పోయాను.

వెళ్లేసరికి ఎర్రయ్య రాలేదు.

చీకటి పడింది... రాలేదు. అతని భార్య పోలమ్మ టార్చి పట్టుకుని నీళ్ల అంచున నిలబడింది. మిగతా పడవలు సముద్రం మీదికి పోయాయి. ఒడ్డున ఉన్నది నూకరాజు డింగీ ఒక్కటే. ఎర్రయ్య పోయింది మడ అడవిలోకి చీలే ఉప్పునీటి పాయలోకి. ఇక్కడ నాలా అంటారు. అందులో మొసళ్లున్నాయి. అది దయ్యం కబురు కాదు, ప్రభుత్వమే బోర్డు పెట్టింది.

వెళ్దామని పోలమ్మ అడిగింది. వస్తాడులే, కొంచెం చూద్దామని నూకరాజు. ఆమె మళ్లీ అడిగింది. అతను తల దించుకున్నాడు. నాకు డింగీ నడపడం రాదు. అతనికి ధైర్యం వస్తుందేమోనని, ఫోన్లో మాస్టారి పాఠం ఒకటి పెట్టాను. రాత్రి నీటి మీద చల్లగాలి పరుచుకుంటుంది, పైన వెచ్చగాలి ఉంటుంది, అందుకే చప్పుడు కిందికి వంగి ఎంతో దూరం వస్తుందని చెబుతున్నాడాయన. నూకరాజు బుద్ధిగా వింటున్నట్టే ఉన్నాడు. పాఠం సగంలో పోలమ్మ చెయ్యి ఎత్తింది.

ఫోన్ ఆపాను.

అల... వెనక్కి పోతున్న నీళ్లలో చిన్నరాళ్లు దొర్లుతున్న చప్పుడు... ఎక్కడో డబ్బా ఒకటి గట్టుకు తగులుతోంది. అంతే. తర్వాత ఆ డబ్బా కూడా ఆగింది.

"నూకరాజూ..."

కేక కాదు. మామూలు గొంతు. పని మీద ఉన్నవాణ్ణి పిలిచినట్టు. మగ గొంతు. నాలా వైపు నుంచి, నీటి మీదుగా వచ్చింది.  ఎర్రయ్య బతికే ఉన్నాడని... అనుకున్నాను.

"ఆయన గొంతే," అంది పోలమ్మ. "బావగారూ, పలకండి."

నూకరాజు పలకలేదు. ఇసుకలో గోళ్లు దిగేలా పిడికిలి బిగించాడు.

  తర్వాత మళ్లీ... కొంచెం దగ్గరగా.

"నూకరాజూ..."

"వద్దు పేపర్ భయ్యా," అన్నాడు. "జవాబ్ ఇవ్వకండి. మీకు తెల్దు."

నాకు ఒళ్లు మండింది. ఎక్కడో చల్లని గదిలో కూర్చుని ఒకడు నోటికొచ్చింది వాగితే, ఇక్కడ ఒక మనిషి తన తమ్ముడి పిలుపుకు పలకడం లేదు. లేచి నిలబడి నేనే అరిచాను. ఎర్రయ్యా, వస్తున్నాం అని.

జవాబు రాలేదు. మూడోసారి పిలుపూ రాలేదు.

"పలికింది నేను," అన్నాను నూకరాజుతో. "లాక్కుపోతే నన్నే లాక్కుపోతుంది. నువ్వు ఇంజను తియ్యి."

అతను నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు అప్పుడు అర్థం కాలేదు. లేచి డింగీ నెట్టాడు.

నాలాలోకి వెళ్లాక ఇంజను ఆపి గెడతో నెట్టాడు. రెండు పక్కలా మడచెట్ల వేళ్లు. టార్చి వేస్తే నీటి మీద ఒక ఎర్రటి చుక్క వెలిగి... మునిగింది. మలుపు తిరిగాక పడవ కనిపించింది. ఇంజను పంకాకు పాత వల చుట్టుకుని, పోటు దిగిపోయి, బురదలో ఒరిగి ఉంది. ఎర్రయ్య పడవలోపల వెల్లకిలా పడుకున్నాడు. వల కోయబోయి చెయ్యి కోసుకున్నాడు. చొక్కా చుట్టి ఆ చేతిని గుండెకు అదుముకున్నాడు. నెత్తురు బాగానే పోయింది. ఇంకాసేపైతే ఏమయ్యేదో అనుకోవడం కూడా ఇష్టం లేదు.

మమ్మల్ని చూసి అతను మాట్లాడలేదు, వేలు పెదవులకు ఆనించి బురద వైపు చూపించాడు. మొసలి ఈడ్చుకుపోయిన జాడ పడవ పక్కనే, తడిగా ఉంది.

ఒడ్డుకు వచ్చి, నీళ్లు తాగించి, బండి కోసం చూస్తున్నప్పుడు అడిగాను. అక్కణ్ణుంచి పిలిచి మంచి పని చేశావని కూడా అన్నాను.

"నాను పిలవనేదండి," అన్నాడు ఎర్రయ్య. "అది పక్కనే ఉంటే నోరిప్పుతానా? అయినా అన్నని పేరెట్టి ఎలాగ పిలుస్తాను?"

పోలమ్మ ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోదు. నెత్తురు పోయిన మైకంలో పిలిచి మరిచిపోయాడంటుంది. నేనూ అదే సరిపెట్టుకున్నాను. ఎర్రయ్య చెయ్యి నయమైంది. ఈ కబురు ఎలా పాకిందో, ఆ పాడ్‌కాస్ట్ కుర్రాడు నాకే ఫోన్ చేశాడు. రికార్డు చేస్తాం, కొంచెం భయంగా చెప్పండి సార్ అన్నాడు. వాడు పెట్టిన భయానికి ఒక మనిషి బురదలో నెత్తురోడుతూ పడి ఉన్నాడని చెప్పాను. "ఆ పాయింట్ కూడా వాడుకుందాం" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

తర్వాత ఒకరోజు, పట్టపగలు, చేపలు తీసుకుంటూ నూకరాజును అడిగాను. ఆ రాత్రి మరదలు అంత బతిమాలినా ఎందుకు పలకలేదని. ఇంకా ఆ చెత్తే నమ్ముతున్నావా అని.

కత్తి పక్కన పెట్టాడు.

"అది ఎర్రిగాడి గొంతు కాదు కదేటి," అన్నాడు. "మీ గొంతు, పేపర్ భయ్యా. మీరు నా పక్కనే కూకున్నారు, నోరు మూసుకుని. నీటి మీంచి మీ గొంతు వస్తంది. ఎలాగ పలకమంటారు?"

నవ్వాలని చూశాను.

మన గొంతు మనకు ఎముకల గుండా వినిపిస్తుందట. అందుకే బయటి నుంచి వింటే అది ఎవరిదోలా ఉంటుంది, గుర్తుపట్టలేం. ఇదీ మాస్టారే చెప్పాడు. నేను ఎందుకు గుర్తుపట్టలేదో దానితో తెలుస్తుంది. మిగతాది తెలియదు. నూకరాజు భయపడి పొరబడ్డాడని రాసి ముగించొచ్చు. నా దగ్గర ఆధారం లేదు.

ఎర్రయ్య అతన్ని అన్నా అంటాడు. పోలమ్మ బావగారూ అంటుంది. రేవులో చిన్నాపెద్దా రాజు భయ్యా అంటారు. ఆ రెండు పిలుపులప్పుడూ నేను నోరు తెరవలేదు... తెరవలేదనే నా జ్ఞాపకం. కానీ వండూర్ మొత్తం మీద అతన్ని నూకరాజూ అని పిలిచేవాణ్ణి నేనొక్కణ్ణే.