సమాధానం వేసిన నల్ల సున్నా

మైపాడులో పడవలకు రంగులు వేసేవాళ్లం ఇద్దరమే, సమాధానం, నేను. నేనంటే కామాక్షయ్యను. నెల్లూరులో బోర్డులు రాసే పెద్దాయన దగ్గర నాలుగేళ్లు పనిచేసి, చెయ్యి తిరిగాక ఊరికి వచ్చినవాణ్ణి. సమాధానం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చేపకు కన్ను ఎక్కడ పెట్టాలో కూడా అతనికి సరిగా తెలియదు. అయినా జనం అతని పని ముందే ఆగేవాళ్లు, నా పని ముందు నుంచి నడిచిపోయేవాళ్లు. నాది కడుపుమంట అంటే కాదనను.

పందొమ్మిదివందల యాభై ఎనిమిది నుంచి అతను ఏది వేసినా ఓ మూల అవే గుర్తులు పెట్టేవాడు. ఒక నల్ల సున్నా, అదీ కొసలు కలవని సున్నా. దాని కింద రెండు ఎర్ర చుక్కలు. పడవ మీద అవే, సోడాకొట్టు బోర్డు మీద అవే. చివరికి చర్చి గోడ మీద వేసిన మంచి కాపరి బొమ్మలో గొర్రెపిల్ల కాళ్ల దగ్గరా అవే. పడవలవాళ్లు దాన్ని వలతాడు అన్నారు, అదుంటే చేపలు బాగా పడతాయన్నారు. సోడాకొట్టు ఓబులేసు పూలదండ అన్నాడు. బళ్లో అతనికొచ్చిన మార్కు అని నేను అందరికీ చెప్పేవాణ్ణి. ఎవరూ నవ్వేవాళ్లు కాదు. ఎవరైనా అదేమిటని అడిగితే సమాధానం ఊరికే వేశానని చెప్పి కుంచె కడుక్కునేవాడు.

అరవై రెండులో గంగులయ్య కొత్త పడవ చేయించాడు. అప్పుడే సమాధానం కామెర్లతో మంచం పట్టాడు కాబట్టి పని నాకు వచ్చింది. నా సంతోషం ఇంతా అంతా కాదు. ఆరు రోజులు వంచిన తల ఎత్తలేదు. తామరలు, చేపలు, ముందువైపు అమ్మవారి కళ్లు, నెల్లూరులో నేర్చిన వెలుగునీడలన్నీ దించాను. ఇక మీదట అందరూ కామాక్షయ్య చెయ్యి అని చెప్పుకుంటారనుకున్నాను. గంగులయ్య వచ్చి పడవ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"అంతా బాగుండాదిగానీ, సమాధానం సున్నా ఏదబ్బా? అది లేకుండా నేను పడవ నీళ్లలోకి దించను" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నా పడవ మీద కూడా వాడి గుర్తేనా? సరే, ఎలా వేయాలో వాడికే చూపిద్దామనుకున్నాను. నల్ల సున్నాను తాడులాగా చక్కగా గుండ్రంగా తిప్పి, కొసలు రెండూ కలిపి ముడి వేశాను. కింద పడి ఉండే ఎర్ర చుక్కల్ని ఎత్తి పూసల్లాగా ఆ తాడుకే గుచ్చాను.

పడవ దించే రోజు సమాధానం తన భార్య ఎలిశబెతు భుజం పట్టుకుని వచ్చాడు. కళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. నా తామరల్ని దాటిపోయి సున్నా దగ్గర ఆగాడు. తప్పుపడతాడని, పడితే ఏమనాలో మాట సిద్ధం చేసుకుని నిలబడ్డాను. అతను వేలు తాడు వెంబడి పోనిచ్చి ముడి దగ్గర ఆపాడు.

"ముడేసినావే అన్నా" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. వాళ్లకు క్రీస్తురాజు అని ఏడాదిన్నర బిడ్డ ఉండేవాడు. ఎలిశబెతు వాడికి దిష్టి తగలకుండా రెండు ఎర్ర పూసలు గుచ్చి నల్ల మొలతాడు కట్టింది. సమాధానం అప్పుడే కొత్తగా బాప్తిస్మం తీసుకున్నాడు. ఇంకా మనకు ఇవేమిటని కోప్పడి కత్తెరతో తాడు తెంపేశాడు. పూసలు నేలన పడ్డాయి. వారం తిరక్కుండా బిడ్డ జ్వరంతో పోయాడు.

"దారం తెంపినందుకు పోలేదని నాకూ తెలుసన్నా. అయినా కొసలు కలపడానికి నాకు చెయ్యి రాలేదు" అన్నాడు.

నాకు తల తీసేసినట్టయింది. గుడ్డ తీసుకుని తుడిచేయబోయాను. నాతో ఎప్పుడూ మాట్లాడని ఎలిశబెతు నా చేతికి అడ్డం వచ్చింది.

"చెరపొద్దన్నా. ఉండనీ."

ఆ తర్వాత గంగులయ్య పడవ ఒడ్డుకు వచ్చినప్పుడల్లా మొగుడూ పెళ్లాం వచ్చి దాని ముందు నిలబడేవాళ్లు. నా పని ముందు ఎవరైనా అలా ఆగాలని నేను ఏళ్ల తరబడి కోరుకున్నాను. తీరా ఆగినవాళ్లు నా తామరల్ని ఒక్కసారి కూడా చూడలేదు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు కూడా నాకు అసూయే. బిడ్డ పోయినవాడి మీద అసూయ పడే మనిషి ఉంటాడా అంటే, ఉన్నాడు. తర్వాతి పడవకు నేను కూడా ఓ మూల నాదంటూ ఒక గుర్తు వేద్దామని కూర్చున్నాను. కుంచెకు అద్దిన రంగు ఆరిపోయింది, మళ్లీ అద్దాను, అదీ ఆరింది. ఏం వేయాలో తోచలేదు. చివరికి నా పేరు రాసి లేచాను.