అడుగు పిడికెడు

ఈ గొడవలో మొదటి తప్పు నాది. అది ముందే ఒప్పుకుని మొదలుపెడతాను.

జహీరాబాద్‌లో ఇరవై రెండేళ్లుగా ఒక పేపర్‌కి విలేకరిగా ఉన్నాను. పేరు అమర్నాథ్. జూన్‌లో ఝరాసంగం దగ్గర ఒక ఊళ్లో నాగరాణి అనే ఆమె డ్రోన్‌తో చెరుకు తోటకి మందు కొడుతుంటే చూశాను. ఫొటో తీసుకున్నాను. 'పూర్తి స్వదేశీ డ్రోన్, నడిపేది మన ఆడబిడ్డ' అని రాశాను. స్వదేశీ అని నాకెలా తెలుసు? డ్రోన్ మీద మూడు రంగుల స్టిక్కర్ ఉంది, కంపెనీ ఇచ్చిన కరపత్రంలో ఉంది. అంతకు మించి చూడలేదు. ఎండ మండిపోతోంది, బస్సు వేళవుతోంది, వచ్చేశాను.

నాగరాణికి ముప్పై నాలుగేళ్లు. పదో తరగతి పాసైంది. భర్త మల్లేశ్ ట్రాక్టర్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి వెళ్తాడు. డ్రోన్ రాక ముందు ఆమె ఎనిమిదేళ్లు వీపుకి పదహారు లీటర్ల ట్యాంకు తగిలించుకుని అల్లం చేలల్లో, చెరుకు తోటల్లో మందు కొట్టింది. సాయంత్రానికి కళ్లు మండేవి, నోట్లో ముద్ద దిగేది కాదు. ఒకసారి చెరుకు తోట నడుమ పడిపోతే, ట్యాంకుతో సహా మోసుకొచ్చి దవాఖానలో పడేశారు. మూడు రోజులు మనిషిని గుర్తుపట్టలేదు. ఊరి ఆడవాళ్ల సంఘానికి డ్రోన్ మంజూరైనప్పుడు నేర్చుకుంటానని మొదట చెయ్యెత్తింది ఆమే. హైదరాబాద్ వెళ్లి పదిహేను రోజులు నేర్చుకొచ్చింది. ఆ రోజు నుంచి ట్యాంకు అటక మీదికి పోయింది.

అయితే ఎప్పుడు పడితే అప్పుడు ఎగరేయడానికి అదేం గాలిపటం కాదు. మా నెత్తి మీద బీదర్ వైపు నుంచి వైమానిక దళం శిక్షణ విమానాలు తిరుగుతుంటాయి. ఎగరేసే ప్రతిసారీ ఫోన్‌లో అనుమతి చూసుకోవాలి. సరిహద్దులో ఉద్రిక్తత వచ్చిన రోజుల్లో పోలీసులు వచ్చి డ్రోన్‌ని మూడు వారాలు స్టేషన్‌లో పెట్టారు. తను ఎగరేసేది ఉత్త మందు డబ్బా కాదని నాగరాణికి అప్పుడే అర్థమైంది.

మా ఎంపీ ఇంద్రసేన మొదటిసారి గెలిచినవాడు. పెళ్లికి పిలిస్తే అక్షింతలు ఒక చేత్తో వేస్తూ రెండో చేత్తో ఫైలు పట్టుకుంటాడని ఊళ్లో వేళాకోళం చేస్తారు. డ్రోన్ల భద్రత మీద పార్లమెంటులో చర్చ ఉందని, అందులో మాట్లాడతానని నాకు ఫోన్ చేశాడు.

"పరాయి దేశం సామాను పెట్టిన డ్రోన్లు బంద్ చెయ్యాలంటే, రైతుకు నష్టమైతదని అంటున్నరు అమర్నాథ్. నష్టం లేదు, మనయే ఉన్నయని నేను చెప్త. నీ వార్తల ఉన్న చెల్లెనే సాక్ష్యం. శనివారం వచ్చి ఆమె నోటితోని వింట, మంగళవారం సభల చెప్త."

నా వార్త పార్లమెంటుకి వెళ్తోందంటే నాకు ఎంత పొంగొచ్చిందో దాచడం దేనికి? ఇంట్లో రెండుసార్లు చెప్పాను.

శుక్రవారం పొద్దున నాగరాణి ఫోన్ చేసింది. "అన్నా, జర వచ్చి పో. ఫోన్ల చెప్పరాదు."

వెళ్లాను. ముందురోజు గాలివానకి డ్రోన్ చెరుకులో పడిందట. తడి ఆరబెడదామని కింది మూత విప్పింది. లోపల అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి ఉంది. దాని మీది మూడు రంగుల స్టిక్కర్ నానిపోయి సగం ఊడింది. స్టిక్కర్ కింద అచ్చు వేసిన లిపి మనది కాదు. ఏ దేశానిదో చూడగానే తెలిసింది.

"ఇదే దీని మెదడని ట్రైనింగుల చెప్పిన్రన్నా," అంది నాగరాణి. "ఏ చేను ఏడుంది, గట్టు ఏడుంది, అన్నీ దీంట్లనే ఉంటయట. మూడొందల చేన్లు తిప్పిన దీన్ని. విమానాలు తిరిగే తొవ్వ కింది చేన్లు గూడ ఉన్నయి. అవన్నీ ఎవలు చూస్తున్నరో నాకేం ఎర్క?"

కంపెనీ మనిషి నవదీప్‌కి అప్పటికే ఫోన్ చేసిందట. స్టిక్కర్ మళ్లీ అతికించమని, ఎంపీ ముందు మూత తియ్యొద్దని చెప్పాడు. మల్లేశ్ జిగురు సీసా చేతిలో పట్టుకునే ఉన్నాడు.

"చెప్తే డ్రోన్ గుంజుకపోతరు," అన్నాడు. "మల్ల ట్యాంకు ఎత్తుకుంటవా? ఈసారి పడితే లేస్తవా?"

నాగరాణి నా వైపు చూసింది. "నువ్వేమంటవన్నా?"

నేనేమన్నానో రాయడానికి సిగ్గేస్తోంది. "మంగళారం దాక ఊకో చెల్లె," అన్నాను. ఆమె కోసం అన్నాననుకున్నాను. నా వార్త కోసం అన్నాను.

అప్పుడే ఒకామె జొన్నల సంచి తీసుకుని లోపలికి వచ్చింది. నాగరాణి అత్త దేవమ్మ సంఘానికి విత్తనాలు కాపాడే మనిషి. పంట వచ్చాక, తీసుకున్న విత్తనం తిరిగి తెచ్చి ఆమెకే అప్పజెప్పాలి. ఆ వచ్చినామె సంచి మూతి విప్పి, దోసిలితో గింజలు తీసి చూపించబోయింది. దేవమ్మ ఆ దోసిలి వైపు చూడనే లేదు. గాజులు పైకి తోసుకుని, మోచేయి దాటి సంచిలోకి చెయ్యి దించి, అడుగు నుంచి పిడికెడు తీసి వెలుతుర్లో పట్టింది. సొంత తమ్ముడు తెచ్చినా అలాగే చూస్తుంది. ఇచ్చేవాళ్లు తీసి చూపిస్తే ఆమె దగ్గర చెల్లదు, తీసుకునేవాళ్ల చెయ్యే అడుగుకి పోవాలి. దీనికి ఎంతమంది అలిగినా ఆమె మారలేదు.

నాగరాణి అదంతా చూస్తూ కూర్చుంది. మల్లేశ్ స్టిక్కర్ అతికించి మూత బిగించాడు. ఊరుకుంటుందనే అనుకుని నేను బస్సెక్కాను.

శనివారం పొలం దగ్గర జాతరలా ఉంది. సీఐ, ఇద్దరు కానిస్టేబుళ్లు, నలుగురు విలేకర్లు, ఇస్త్రీ చొక్కాలో నవదీప్. నాగరాణి ఒక ఎకరం మందు కొట్టి చూపించింది. డ్రోన్ దిగింది. ఎంపీ కెమెరాల ముందుకి వచ్చి అడిగాడు.

"ఇది పూర్తిగ మన దేశంలనే తయారైందా చెల్లె?"

ఔను అంటే అయిపోయేది. ఒక్క మాట. నవదీప్ నవ్వుతూ ఆమెకి దగ్గరగా జరిగాడు. నాగరాణి చీర కుచ్చెళ్ల దగ్గర దోపుకున్న స్క్రూడ్రైవర్ తీసి మోకాళ్ల మీద కూర్చుంది.

"మేడమ్, మూత విప్పితే వారంటీ పోతుంది!" నవదీప్ గొంతు పెరిగింది.

నాలుగు మరలు విప్పేదాకా ఆమె తలెత్తలేదు. విప్పి పక్కకి జరిగింది.

"సార్, మీరే చెయ్యి పెట్టి చూడున్రి. నేను తీసి చూపిస్తే చెల్లది."

ఎంపీ తెల్ల ప్యాంటుతో ఆ బురదలోనే కూర్చుని, లోపలికి వేలు పెట్టి, స్టిక్కర్ అంచు గీకాడు. కింది అక్షరాలు బయటపడ్డాయి. కెమెరాలు ఆపమని అనలేదు. ఆయన మొహంలో రంగు మాత్రం పోయింది.

"ఇది మా డబ్బా కాదు సార్!" నవదీప్ అరిచాడు. "ఈవిడే మార్చింది. విప్పడం ఎంత బాగా వచ్చో మీరే చూశారు కదా!"

అంతే, గాలి మారిపోయింది. నిజం చెప్పిన మనిషి ఒక్క నిమిషంలో ముద్దాయి అయింది. సీఐ డ్రోన్‌ని జీపులో పెట్టించాడు. నాగరాణిని స్టేషన్‌కి రమ్మన్నాడు. ఎవరిచ్చారు, ఎప్పుడు పెట్టావు, ఇంకెవరితో మాట్లాడతావు అని నాలుగు గంటలు అడిగారు. బయట వరండాలో మల్లేశ్ నాతో మాట్లాడలేదు. ఎలా మాట్లాడతాడు?

జీపు కదలక ముందు ఎంపీ ఆమెతో ఒక మాట అన్నాడు. "నువ్వు మార్చలేదనే అన్పిస్తుంది చెల్లె. గని నాకు అన్పిస్తే సాలది. సభల రుజువు అడుగుతరు."

మంగళవారం మధ్యాహ్నం సంఘం గదిలో ఫోన్‌ని విత్తనాల గంపకి ఆనించి చర్చ చూశాం. నాగరాణి గోడకి ఆనుకుని కూర్చుంది. మూడు రోజులుగా సరిగా తినలేదు. ఊళ్లో అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. పరాయి దేశానికి మా చేన్లు చూపించిందట అని.

ఇంద్రసేన లేచాడు. తెలుగులోనే మాట్లాడాడు. "నా నియోజకవర్గంలో పూర్తి స్వదేశీ డ్రోన్ ఉందని ఈ సభకు చెప్పాలని రాసుకొచ్చాను అధ్యక్షా. ఆ కాగితం చింపేశాను. దాన్ని నడిపే మహిళే నా చేత లోపల చెయ్యి పెట్టించింది." స్టిక్కర్ కింద తను చూసింది చెప్పాడు. మన పొలాల పటం ఎవరి చేతికి పోతోందో తెలియకుండా భద్రత గురించి ఏం మాట్లాడతామని అడిగాడు. నాగరాణి కళ్లు తుడుచుకుంది.

అప్పుడు ఎదుటి వరసలోంచి ఒక సభ్యుడు లేచి హిందీలో అడిగాడు. జహీరాబాద్ వాళ్లకి అనువాదం అక్కర్లేదు. ఒకే ఒక్క డ్రోన్, అదీ వాడే మనిషి విప్పిన డ్రోన్. ఆ డబ్బా ఆమే పెట్టలేదని గౌరవ సభ్యుడు హామీ ఇస్తారా?

ఇంద్రసేన నీళ్ల గ్లాసు వైపు చూశాడు.

"ఇవ్వలేను," అన్నాడు. "పెట్టినప్పుడు నేను చూడలేదు. చూడకుండా ఒకసారి హామీ ఇవ్వబోయాను, మళ్లీ ఆ పని చెయ్యను. అందుకే అడుగుతున్నాను. మిగతా డ్రోన్లు కూడా విప్పించండి." గంట మోగింది. కూర్చున్నాడు.

నాగరాణి బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుని పెద్దగా ఏడ్చింది. నాకు ఆ ఎంపీని పట్టుకుని దులిపెయ్యాలనిపించింది. ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయింది? దేవమ్మ మాత్రం కోడలి పక్కన కూర్చుని, "ఆయన సరిగ్గనే అన్నడు బిడ్డా," అంది. ఆ మాటకి నాకు ఇంకా కోపం వచ్చింది.

ఆ మెట్ల మీద ఉండగానే నాగరాణి ఫోన్ మోగింది. నిర్మల్ వైపు నుంచి దీపిక. హైదరాబాద్‌లో ఆమెతోపాటు నేర్చుకున్న పిల్ల.

"అక్కా, ఇప్పుడే చూసిన. చూసి నాది గూడ ఇప్పిన. గదే డబ్బా, గదే స్టిక్కర్. ఫొటో పంపాల్నా?"

నాగరాణి ఏడుపు అక్కడికక్కడ ఆగిపోయింది. "ఫొటో వద్దు," అంది. "మూత మల్ల బిగియ్యి. మీ ఎస్సైని పిలువు. ఊరోల్ల ముందట ఆయన చేతితోనే తీపియ్యి. రాసి సంతకం పెట్టుమను."

ఆ సాయంత్రం నుంచి ఆమె తనతో నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసింది. కొందరు తిట్టారు. "నీకు పోయింది సాలక మాది గూడ పోగొడ్తవా?" అని ఒకామె ఫోన్ పెట్టేసింది. ఆ మాట నాగరాణికి బాగా తగిలింది. అయినా పదకొండు ఊళ్లలో పదకొండు మంది ఎస్సైలు మూత విప్పి చెయ్యి పెట్టారు. పదకొండు డబ్బాలు, పదకొండు స్టిక్కర్లు. గురువారం ఇంద్రసేన ఆ కాగితాలు చేతిలో పట్టుకుని సభలో నిలబడ్డాడు. ఈసారి హామీ ఎవరూ అడగలేదు.

నాగరాణి మీద అనుమానం లేదని స్టేషన్‌లో రాసిచ్చారు. నవదీప్ ఫోన్ కలవడం మానేసింది. ఆ కంపెనీ డ్రోన్లు అన్ని ఊళ్లలోనూ నేల మీదికి దిగాయి. దీపికది కూడా. తనిఖీ చేసిన కొత్తవి వస్తాయని ఎంపీ ఫోన్ చేసి చెప్పాడు. ఎప్పుడొస్తాయో తెలియదని కూడా ఆయనే చెప్పాడు.

ఆగస్టు చివర్లో మళ్లీ ఆ ఊరు వెళ్లాను. అల్లం ఆకుకి మచ్చ తెగులు పట్టింది. నాగరాణి చేలో ఉంది, వీపు మీద ట్యాంకుతో. మొహానికి తువ్వాల చుట్టుకుంది.

"బాధ లేదా చెల్లె?" అని అడిగాను. ఇలాంటి ప్రశ్నలు అడగడం మా వృత్తిలో ఉన్న దరిద్రం.

"ఎందుకుండదన్నా? డ్రోన్ పోయినందుకు రోజు ఏడ్పొస్తది. దీపికకు గూడ పోయిందని ఇంకింత ఏడ్పొస్తది. చెప్పకపోతే మాత్రం నిద్రే పట్టకపోతుండె."

ఈసారి పెద్ద కథనం రాస్తానని, మొదటి పేజీలో వేయిస్తానని చెప్పి నోటుపుస్తకం తీశాను. ట్యాంకు ఎన్ని లీటర్లు, ఎంత బరువు అని అడిగాను. ఆమె నా పుస్తకం వైపు చూసింది. పట్టీలు విప్పి, ట్యాంకు గట్టు మీద నా ముందు పెట్టింది.

"ఎత్తుకో అన్నా. ఒక సాలు నడిచి రా. అటెన్క రాద్దువు."

నోటుపుస్తకం ఆమె చేతికిచ్చి ట్యాంకు వీపుకి ఎత్తుకున్నాను. పట్టీలు భుజాల్లోకి దిగాయి. సాలు సగానికి వెళ్లేసరికి మందు వాసనకి కళ్లల్లోంచి నీళ్లు కారాయి. ఆమె గట్టు మీద నిలబడి చూస్తోంది. సాలు చివరిదాకా నడిచాను.