తిప్పన్న ఇంట్లో వండిన ఒడి బియ్యం

కరోనా సద్దుమణిగిన ఏడాది, నడి ఎండాకాలం. కంబదూరు వైపు ఒక సర్కారు ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుని. మొగుడు కొడితే పుట్టింటికి వచ్చేసిన సువర్ణను వాళ్ళ నాయన తిప్పన్న తీసుకొచ్చాడు. పెదవి చిట్లింది, చెయ్యి వాచింది. కట్టు కట్టి, ఎం.ఎల్.సి. రాశాం. అంటే కొట్టిన దెబ్బల కేసని పోలీసులకు తెలపడం.

"పోలీసులు యాలమ్మా? ఈ పొద్దు శుక్రవారం, ఆడబిడ్డను పంపగూడదు. రేపే ఒడి బియ్యం పెట్టి అత్తింటికి తోలేస్తాం" అన్నాడు తిప్పన్న.

పుట్టింటి నుంచి పోయే కూతురి కొంగులో పసుపు బియ్యం పోసి సాగనంపడం మా సీమలో మర్యాద. సువర్ణ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. మర్యాదంట మర్యాద!

సువర్ణను అడిగి ఓబులేసుకు ఫోన్ చేశాను. ఆటో తోలుతాడు. వాళ్ళ చెల్లెలు గంగమ్మను మొగుడు కొట్టి చంపినప్పటి నుంచి, ఇట్లాంటి ఆడవాళ్ళ వెంట స్టేషనుకూ కోర్టుకూ తిరుగుతున్నాడు. వచ్చి తిప్పన్న పక్కన కూర్చున్నాడు.

"అన్నా, మేమూ అట్లే పంపినాం. గంగమ్మ కొంగు నేనే పట్టుకున్న్యా, మాయమ్మ బియ్యం పోసింది. 'అన్నా, ఇంగ నాలుగు దినాలు ఈడనే ఉంటా' అనింది. పండగకు వద్దువులే తల్లీ అన్న్యా."

"నలుగురూ ఏమంటారప్పా?"

"ఆ నలుగురూ గంగమ్మ దినాలకు వచ్చినారన్నా. కడుపు నిండా తిని పోయినారు. నేనేమో ఎవురన్నా 'అన్నా, ఆటో' అంటే ఇప్పటికీ అదేనేమో అని తిరిగి చూస్తా."

తిప్పన్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి లేచి, "ఇంటికి పోదాం పామ్మా" అన్నాడు.

"ఏ ఇంటికి నాయనా?"

"మనింటికే."

అత్తింటికి కట్టాలని పసుపు కలిపి ఉంచిన ఆ బియ్యాన్ని మరునాడు సువర్ణ తల్లి ఇంట్లోనే వండింది. మమ్మల్నీ పిలిచింది. ఓబులేసు ముద్ద కలిపి, తినలేక అట్లే కూర్చున్నాడు. "మా గంగమ్మకు ఒక్కపూట ఇట్ల వండింటే..." అన్నాడు.

కేసు ఇంకా నడుస్తోంది. సువర్ణ పుట్టింట్లోనే ఉంది. ఆ రోజు నుంచి, దెబ్బలతో ఏ ఆడపిల్ల వచ్చినా కట్టు కట్టాక అడుగుతాను, "యాడికి పోవాలనుండాదమ్మా?" అని. చాలామంది "మాయమ్మ దగ్గరికి" అంటారు. అప్పుడు బయట కూర్చున్న వాళ్ళ నాయనను లోపలికి పిలిచి, ఆ మాట మళ్ళీ చెప్పిస్తాను.