పేరొచ్చినంక

భద్రాచలం అడవి అంచున మా పరిశోధనకు మొక్కలు తవ్విచ్చే అవ్వకు ఒక పట్టింపు ఉండేది. రోగి పేరు మొక్కకు చెప్పాకే వేరు తీసి గుంత పూడ్చేది.

ఒకనాడు బిళ్లగన్నేరు ముందు కూర్చుని, "ఎవరికి బిడ్డా?" అంది.

"ఎవరికీ కాదవ్వా. ఇందులోని విషాన్ని ల్యాబులో మార్చి క్యాన్సర్‌కు మందు చేస్తారు."

నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత మొక్క మీదికి వంగి, "పేరు ఎనక చెప్తదట, ఆగు" అని గొణిగి వేరు తవ్వింది. గుంతను అలాగే వదిలేసింది.

"పూడ్చవా అవ్వా?"

"పేరొచ్చినంక పూడుస్త."

నవ్వుకున్నాను.

కొన్నేళ్లకు క్యాన్సర్ ఆసుపత్రి మంచం మీద నేనే ఉన్నాను. బిళ్లగన్నేరు నుంచి చేసిన మందు ఎక్కించబోతూ నర్సు అడిగింది: "మీ పేరు చెప్పండి మేడమ్."

చెప్పాను. ఎక్కడో గుంతలో మట్టి పడుతున్న చప్పుడు వినిపించింది.